ఆరు ట్రేల బరువు

మా మార్కెట్లో ఒక రూలుంది. ఒక నెలలో మూడు పొద్దులు షట్టరు లేవకపోతే ఆ కొట్టు, దాని కోసం పేర్లు రాయించుకున్న వాళ్ళ వరసలో తర్వాతి మనిషికి పోతుంది. పొద్దున ఏడుకి వాచ్‌మన్ గంట కొట్టుకుంటూ వరసలన్నీ తిరుగుతాడు. గంట మన కొట్టు దాటేలోగా షట్టరు లేచి ఉంటే తెరిచినట్టు, లేకపోతే మూసినట్టు. జ్వరం, పెళ్ళి, చావు ఏవీ లెక్కలోకి రావు.

ముప్ఫై ఏళ్ళుగా నేను ఈ రూలుని మెచ్చుకుంటూనే ఉన్నాను. మా గుడ్ల కొట్టు మాకు దక్కిందే దాని వల్ల. మా అమ్మ మార్కెట్ గేటు పక్కన నేల మీద బుట్ట పెట్టుకుని పదకొండేళ్ళు గుడ్లు అమ్మింది. పదకొండో ఏట తాళాల కొట్టాయన మూడు పొద్దులు నిద్ర లేవలేదు. ఆయన మూసిన షట్టరే ఇప్పుడు నేను ఎత్తుతున్నది.

ఇప్పుడు వరసలో మొదటి పేరు బాతాయనది. బాతుగుడ్లు అమ్ముతాడు గనక ఆ పేరు. నడక కూడా కలిసొచ్చింది. నా కొట్టుకి ఎదురుగా తోపుడు బండి పెట్టుకుని, రోజూ పొద్దున్నే నా ఒంట్లో ఎలా ఉందో కనుక్కుంటాడు. బాగానే ఉందంటే మొహం కొంచెం వాడిపోతుంది.

ఆ ఏడు మా ఊరికి ప్రపంచ సైకిల్ పోటీలొచ్చాయి. ఒక రకం కాదు, పదమూడు రకాలు, అన్నీ ఒకేసారి. కొండలెక్కే వాళ్ళకి కొండ లేక ఊరి చెత్తగుట్టని ఇచ్చారు. గెంతే వాళ్ళు బ్యాంకు మెట్ల మీద గెంతారు. మునిసిపల్ హాల్లో ఇద్దరేసి సైకిళ్ళ మీద కూర్చుని ముందు చక్రంతో బంతిని కొట్టుకున్నారు, దానికి గోల్‌కీపర్ కూడా ఉన్నాడు. బడి ఆవరణలో ఒకావిడ హ్యాండిల్ మీద నిలబడి చేతులు చాపి గుండ్రంగా తిరుగుతుంటే, మార్కులు వేసే ఐదుగురు పెద్దమనుషులు ఆవిడ కాలివేళ్ళ వంక చూసి తలలు ఊపారు. ఇవేవీ నాకు అడ్డం కాదు. అడ్డమొచ్చింది రోడ్డు పందెం. మార్కెట్ చుట్టూ ఉన్న రోడ్డునే పందెం బాట చేసి, రెండు పక్కలా ఇనుప కంచె కట్టేశారు. బుధవారం నుంచి ఆదివారం సాయంత్రం దాకా మెడలో కార్డు లేనిదే ఆ రోడ్డు దాటకూడదు. మార్కెట్ లోపలి వైపు. నా ఇల్లు బయటి వైపు. బాతాయన ఇల్లు లోపలి వైపు.

బుధవారం ఆరింటికి కంచె దగ్గరికెళ్ళాను. గేటు దగ్గర పచ్చ చొక్కా, మెడలో ఈలతో నిలబడ్డది ఎవరో కాదు, మా బావమరిది. జన్మలో ఒక్క పని కూడా సరిగ్గా చేయని వాడు. అదృష్టం కలిసొచ్చిందనుకుని గేటు మీద చెయ్యి వేశాను.

"కార్డు, బావా," అన్నాడు.

నేను నవ్వాను. వాడు నవ్వలేదు. వాడికి ఎవరో మొదటిసారి ఒక నమ్మకమైన పని అప్పగించారట, దాన్ని నా కోసం పాడు చేసుకోడట. వాడి పెళ్ళికి నేను కుట్టించిన సూటు సంగతి గుర్తు చేశాను. సూటుకీ గేటుకీ సంబంధం లేదన్నాడు. రోడ్డు అవతల గంట వినపడింది. నా కొట్టు దగ్గర ఆ గంట ఒక్క క్షణం ఆగినట్టు కూడా అనిపించింది.

ఒక పొద్దు పోయింది.

గురువారం పాసుల ఆఫీసులో వరసలో నిలబడేసరికి రెండో పొద్దూ పోయింది. కౌంటర్లో ఉన్నావిడ మంచిదే. వ్యాపారుల పాసు కావాలంటే కొట్టు తెరిచి ఉన్నట్టు రుజువు తెమ్మంది. పాసు ఉంటే గానీ తెరవలేనన్నాను. అది తెలుసనీ, అందుకే ఆ పాసు ఇంతవరకు ఎవరికీ ఇవ్వలేదనీ చెప్పింది. తర్వాత నా వెనక గోడకి ఆనించి ఉన్న సైకిల్ని చూసింది.

"తొక్కుతారా?"

"ముప్ఫై ఏళ్ళుగా."

పోటీ జరిగే ఊరికి ప్రతి రకంలోనూ ఒక చోటు ఉంటుందట. స్టేడియంలో ఇద్దరేసి తలపడే స్ప్రింట్ పందెంలో మా ఊరి తరఫున పేరిచ్చిన పోస్ట్‌మ్యాన్ మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆ చోటు ఖాళీగా ఉంది. పోటీదారు కార్డుంటే ఏ గేటైనా దాటొచ్చు. ఓడిపోయిన వాడి కార్డుని మాత్రం స్టేడియం గుమ్మంలోనే కత్తెరతో రెండు ముక్కలు చేస్తారు. నా మొదటి పందెం శుక్రవారం మధ్యాహ్నం.

నేను లెక్క వేసుకున్నాను. శుక్రవారం పొద్దున తెరుస్తాను. మధ్యాహ్నం ఓడిపోతాను. శనివారం మూడో పొద్దు పోతుంది. ఈ కార్డు నాకు ఒక్కరోజు మాత్రమే కొనిపెడుతుంది. కానీ ఓడిపోయిన వాడి కార్డే కోస్తారు. గెలవకుండా, ఓడకుండా ఉన్నవాడిది కొయ్యమని ఎక్కడా రాయలేదు. పందెం పూర్తి కాకపోతే నేను పోటీదారునే. సంతకం పెట్టాను.

శుక్రవారం పొద్దున మా బావమరిది కార్డుని వెనకా ముందూ తిప్పి చూసి, ఫొటోతో నా మొహాన్ని పోల్చి, గేటు తీశాడు. షట్టరు ఎత్తాను. గంట వచ్చింది, దాటింది. ఎదురుగా బాతాయన చేతిలో కొలతల టేపు ఉంది. నన్ను చూసి దాన్ని జేబులో పెట్టుకున్నాడు. ఒక్క కొనుగోలుదారు కూడా రాలేదు, వాళ్ళెవరికీ కార్డుల్లేవు. మరి నేను అక్కడే పడుకోవచ్చు కదా అని అడుగుతారు. మధ్యాహ్నం పన్నెండుకి మార్కెట్ ఖాళీ చేయించి తాళం వేస్తారు. రాత్రి లోపల మనిషి ఉండకూడదన్నది ఇంకో రూలు.

స్టేడియంలో సైకిల్ని తనిఖీ చేసే ఆయన నా బండిని చూసి ముందు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ పందానికి సైకిల్‌కి బ్రేకులుండకూడదు. నాకు ఆరేళ్ళుగా లేవు. తొక్కడం ఆపితే చక్రం కూడా ఆగిపోవాలి. పగిలిన గుడ్ల సొన ఏళ్ళ తరబడి కారి నా ఫ్రీవీల్ ఎప్పుడో బిగుసుకుపోయింది. రూలు ప్రకారం అంత సరిగ్గా ఉన్న సైకిల్ ఆ రోజు ఇంకోటి లేదన్నాడు. స్టాండు మాత్రం ఊడదీయించాడు. దాన్ని మా ఆవిడ పట్టుకుంది. నా సహాయకురాలిగా ఆవిడకీ స్టేడియం లోపలికి రావడానికి ఒక చీటీ ఇచ్చారు.

చిక్కు వేరే చోట వచ్చింది. ఖాళీ బండి మీద నాకు నిలకడ లేదు. ముప్ఫై ఏళ్ళలో నేను వెనక గుడ్లు లేకుండా సైకిలెక్కింది లేదు. గుడ్లుంటే మాత్రం సిగ్నల్ దగ్గర, ఇరుకు సందులో, ఎదురుగా ఆవు పడుకున్నా, కాలు కింద పెట్టకుండా ఎంతసేపైనా నిలబడతాను. కాలు పెడితే బండి ఒరుగుతుంది, ఒరిగితే ట్రేలు జారతాయి. బరువు వెనక ఉంటే ఒళ్ళు తనంతట తనే సర్దుకుంటుంది. బరువు తీసేస్తే తాగినవాడిలా ఊగుతాను. అందుకని ఆరు ట్రేలు, నూట ఎనభై గుడ్లు, క్యారేజీకి కట్టించాను. తనిఖీ ఆయన రూళ్ళ పుస్తకమంతా వెతికాడు. గుడ్లు కూడదని లేదు. గాలిని కోసే ఉపాయమేమైనా ఉందేమోనని ఫ్యాను పెట్టి చూసి, గాలికి గుడ్లు అడ్డమే గానీ సాయం కాదని రాసి సంతకం పెట్టాడు.

నాకు ఎదురుపడ్డవాడు నిరుటి ప్రపంచ విజేత. ఎత్తు చూసి మా ఆవిడ "స్తంభం" అని పేరు పెట్టింది. జనం గోల వినపడకుండా చెవుల్లో దూది కుక్కుకున్నాడు. అతని చూపంతా ఒక్క చోటే: లోపలి అంచున నిలబడ్డ వాళ్ళ కోచ్ కుడి చెయ్యి. వేలంపాటల్లో పెద్ద కొనుగోలుదారులు ఇలాగే మనిషిని పెట్టుకుంటారు. ఆ చెయ్యి లేస్తే స్తంభం కదులుతాడు. లేవకపోతే లేదు.

పందెం మూడు చుట్లు. చీటీ వేస్తే నేను ముందు, అతను వెనక. మొదటి చుట్టు ముందున్న వాడు నెమ్మదిగా నడిపించాలి, తర్వాత ఎవరిష్టం వాళ్ళది. ఈ పందెంలో ముందున్న వాడికే నష్టమట. వెనకున్న వాడు అతని చాటున గాలి తప్పించుకుని, చివర్లో ఒక్క ఊపులో దాటేస్తాడు. అందుకని ఒక్కోసారి ఇద్దరూ ఆగిపోయి, నువ్వు కదులు అంటే నువ్వు కదులు అని నిలబడతారు. ఇది వినగానే నా మనసు కుదుటపడింది. ఇది సైకిల్ పందెం కాదు, బేరం. ముందు ధర చెప్పినవాడు నష్టపోతాడు. అది నేను పొద్దున లేచింది మొదలు చేసే పనే.

మొదటి చుట్టు తొక్కాను. ఆగాను.

స్తంభం కూడా ఆగాడు. పది నిమిషాలయింది. అరగంటయింది. జనం మొదట చప్పట్లు కొట్టారు, తర్వాత ఈలలు వేశారు, తర్వాత వాళ్ళ కబుర్లు వాళ్ళు చెప్పుకున్నారు. పెద్ద రిఫరీ పుస్తకం తెరిచాడు. ఎంతసేపు నిలబడొచ్చో పోటీలు మొదలయ్యేలోగా ప్రకటిస్తామని అందులో ఉంది. ఎవరూ ప్రకటించలేదు. ఇప్పుడు ప్రకటిద్దామంటే పోటీలు మొదలైపోయాయి. ఆయన పుస్తకం మూసి కుర్చీ తెప్పించుకున్నాడు.

కోచ్ ఎందుకు చెయ్యెత్తలేదని తర్వాత చాలామంది అడిగారు. ఎత్తితే ఆ క్షణమే గెలిచేవాళ్ళు. కానీ ఆయన నా మొహం చూశాడు. గుడ్ల మూటతో వచ్చి, అంత తాపీగా నిలబడ్డవాడి దగ్గర ఏదో ఉండి ఉంటుందనుకున్నాడు. తన సరుకు మీద నమ్మకం ఉన్నవాడే నోరు మూసుకుంటాడని అనుభవమున్న ఎవరైనా అనుకుంటారు. నా దగ్గర ఏమీ లేదన్న సంగతి నాకూ మా ఆవిడకీ మాత్రమే తెలుసు.

ఐదింటికి కోచ్ వాళ్ళ మాలీషు మనిషిని వెంటబెట్టుకుని నా దగ్గరికొచ్చాడు. ఆయన భాష నాకు రాదు. ఆయన నా వెనకనున్న ట్రేలు చూపించి ఒక వేలు ఎత్తాడు. వేళ్ళ భాష నాకు పుట్టుకతో వచ్చు.

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. కొనడానికి వచ్చిన మనిషిని నేను ఇప్పటిదాకా ఉత్త చేతుల్తో పంపలేదు. మా అమ్మ నేర్పిన పని అది. జ్వరంతో పడుకుని కూడా గుడ్డు అడిగితే లేచి ఇచ్చేది. ధర చెప్పాను. ఒక ట్రే విప్పి ఇచ్చాను. మాలీషు మనిషి పట్టుకెళ్ళాడు. ఆ బరువు పోయేసరికి బండి చిన్నగా వణికింది. కోచ్ ఆ వణుకు చూశాడు. ఆయన కళ్ళలో వెలుగు వచ్చింది.

"ఏవండీ, మీ కాళ్ళ కింద నేలని మీరే అమ్ముకుంటున్నారు," అంది మా ఆవిడ.

"నగదు ఇచ్చాడు," అన్నాను.

ఆరింటికి ఆట ఆపారు. మా చక్రాల చుట్టూ సుద్దముక్కతో గీతలు గీసి, సైకిళ్ళని స్టాండ్లకి తగిలించి, గుడ్లతో సహా గుడ్డ కప్పి సీలు వేశారు. మర్నాడు అక్కడి నుంచే, అలాగే, అన్నే గుడ్లతో మొదలు.

శనివారం పొద్దున నడిచి వెళ్ళి షట్టరు ఎత్తాను. బాతాయన రాత్రి, కొట్టు వస్తే తగిలించడానికి కొత్త బోర్డు రాయించుకున్నాడు, దాన్ని వెనక్కి తిప్పి పెట్టాడు. తొమ్మిదింటికి స్టేడియంలో సుద్ద గీతల్లోకి ఎక్కాను. ఆ రోజు టిక్కెట్లన్నీ అమ్ముడుపోయాయి. ఇద్దరు మనుషులు కదలకుండా ఉండడాన్ని చూడ్డానికి పిల్లల్ని ఎత్తుకుని వచ్చారు. కోచ్ పదకొండుకొకటి, రెండుకొకటి, నాలుగుకొకటి, మూడు ట్రేలు కొన్నాడు. మాలీషు మనిషి వాటిని ఉడకబెడుతున్నాడు, స్తంభం నిలబడే తింటున్నాడు. సాయంత్రానికి నా వెనక రెండే మిగిలాయి. గాలి వీస్తే ఊగుతున్నాను. మా ఆవిడ అంచున నిలబడి, ఊపిరి తీసుకోవడం తగ్గించమంది.

ఆపే ముందు రిఫరీ మైకులో చెప్పాడు: ఆదివారం పదింటికి తర్వాతి రౌండ్లు జరగాలి గనక మా పందెం పొద్దున ఆరింటికే మొదలవుతుంది.

ఏడుకి గంట. స్టేడియం నుంచి కొట్టుకి సైకిల్ మీద పన్నెండు నిమిషాలు. ఆరింటికి నేను సైకిలెక్కి నిలబడితే షట్టరు ఎవరు ఎత్తుతారు? దిగి వెళ్తే ఓడినట్టు, గుమ్మంలో కత్తెర, గేటు దగ్గర మా బావమరిది. మా ఆవిడ వాడికి ఫోను చేసి, తోబుట్టువుని అని చెప్పి, ఏడ్చి కూడా చూసింది. ముక్కలైన కార్డుతో కన్నతండ్రి వచ్చినా వదలనన్నాడు. ఆ రాత్రి ఎన్ని విధాల లెక్క వేసినా ఒకటే తేలింది: కార్డు ముక్క కాకుండా స్టేడియం బయటికి రావాలంటే గెలవాలి. అది మాకు ముందెప్పుడూ తట్టలేదు. తట్టాక ఇద్దరం నవ్వుకున్నాం, తర్వాత నవ్వు ఆగిపోయింది.

ఆదివారం ఆరు. స్టేడియంలో జనం లేరు. రిఫరీ ఆవలిస్తున్నాడు. సుద్ద గీతల్లో నేను, నా వెనక స్తంభం, అంచున కోచ్. ఆరూ ఇరవైకి కోచ్ నా దగ్గరికొచ్చాడు. ఈసారి ఒక్కడే, మాలీషు మనిషి నిన్నటి గుడ్లు ఉడకబెడుతున్నాడు. ఒక వేలు ఎత్తాడు.

ఒక ట్రే పోతే నేను నిలబడలేనని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. నేను కదలగానే చెయ్యెత్తుతాడు, స్తంభం దూసుకుపోతాడు. అయినా నా చేతులు అలవాటు కొద్దీ ముడి విప్పాయి. ట్రే ఇచ్చాను. ఆయన దాన్ని ఎడమ అరచేతి మీద నిలబెట్టుకున్నాడు. రెండు రోజుల్లో అంత నేర్చుకున్నాడు. కుడి చెయ్యి జేబులోకి వెళ్ళింది, డబ్బు తీసింది, నాకిచ్చింది.

ఆ ఖాళీ చేతిని చూశాను. మూడు రోజులుగా ప్రపంచ విజేత కళ్ళార్పకుండా చూస్తున్న చెయ్యి అది.

నేను బతుకులో చేయని పని చేశాను. ఆఖరి ట్రే విప్పి, ఆయన చేతిలో ఉన్న ట్రే మీద పెట్టాను.

"ఇదీ తీసుకోండి. ఊరికే."

ఆ మాట ఏ భాషలోనైనా అర్థమవుతుంది. ఊరికే వస్తే ఎవరూ వెనక్కి నెట్టరు. ఎడమ చెయ్యి ఒరిగింది, కుడి చెయ్యి కింద చేరింది, పై ట్రే జారబోతే గడ్డంతో నొక్కిపట్టాడు. ఇప్పుడు ఆయన చేతులు రెండూ నా గుడ్ల కింద ఉన్నాయి. నోరు తెరిస్తే గడ్డం కింది గుడ్డు చితుకుతుంది. నేల మీద పెడదామంటే ఆ చెక్క బాట ఏటవాలు. ముప్ఫై ఏళ్ళుగా గుడ్లు పట్టుకున్న మనుషుల్ని చూస్తున్నాను. కావాలని వదిలేసిన వాడు ఒక్కడూ లేడు. మనసు వదిలెయ్యమన్నా చేతులు వినవు.

వెనక బరువు లేకపోయేసరికి బండి పక్కకి ఒరిగింది. నిలబడే దారి లేక తొక్కాను. తాగినవాడిలా ఊగుతూ, బాటంతా నాదే అన్నట్టు పైకీ కిందికీ పోతూ రెండో చుట్టు తిరిగాను. వెనక్కి చూడలేదు, చూస్తే పడతాను. మా ఆవిడ స్టాండు పట్టుకుని అంచు వెంబడి నాతోపాటు పరిగెత్తుతూ వస్తోంది. స్తంభం మాత్రం సుద్ద గీతల్లోనే ఉన్నాడు. చెయ్యి ఎప్పుడు లేస్తుందా అని చూస్తున్నాడు. కోచ్ కనుబొమ్మలు పైకీ కిందికీ ఆడిస్తున్నాడట, ముక్కుతో ఏదో శబ్దం చేస్తున్నాడట. కనుబొమ్మల గురించి అతనికి ఎవరూ చెప్పలేదు. చెవుల్లో దూది ఉంది.

మూడో చుట్టు పూర్తిచేసి గీత దాటాను. రిఫరీ ఆవలింత సగంలో ఆగింది. పుస్తకం తెరిచాడు, మూశాడు, నా పేరు ఎదురుగా ఏదో రాశాడు. నేను దిగలేదు. అదే ఊపులో గుమ్మం వైపు పోనిచ్చాను. కత్తెర పట్టుకున్నతను రిఫరీ వంక చూసి, కత్తెర దించేశాడు.

ఖాళీ బండి మీద ఊరి వీధులు నాకు కొత్తగా ఉన్నాయి. రెండుసార్లు పడ్డాను. కంచె దగ్గర ఆరూ యాభై ఒకటి. మా బావమరిది కార్డు తీసుకుని వెనకా ముందూ తిప్పి చూశాడు, ఫొటోతో మొహం పోల్చాడు. మొహానికి మట్టి ఉందని తుడుచుకోమన్నాడు. తుడుచుకున్నాను. మళ్ళీ పోల్చి గేటు తీశాడు.

గంట మా వరసలోకి మళ్ళింది. బాతాయన నా కొట్టు ముందు టేపు ఒక కొసని షట్టరుకి అదిమి పట్టుకుని నిలబడ్డాడు. "అన్నగారూ, ఒంట్లో ఎలా ఉంది?" అన్నాడు. నేను టేపుతో సహా షట్టరు ఎత్తాను. టేపు చేతిలోంచి లాక్కున్నట్టు సర్రుమని చుట్టుకుపోయింది. వాచ్‌మన్ నా మొహం చూడలేదు, షట్టరే చూశాడు, గంట కొడుతూ దాటిపోయాడు.

పదింటికి స్టేడియం మైకు మా ఊరి పేరు మూడుసార్లు పిలవడం మార్కెట్ దాకా వినపడింది. నేను బల్బు ముందు గుడ్లు పెట్టి మంచివీ పాడైనవీ వేరు చేస్తున్నాను. ఆ ఆదివారం మార్కెట్‌ని మధ్యాహ్నం మూయలేదు. లోపలున్న వాళ్ళని పందెం అయ్యేదాకా లోపలే ఉండమన్నారు. ఒంటిగంటకి మా బావమరిది కత్తెరతో వచ్చి, పిలిచినా రానివాళ్ళ కార్డు చెల్లదని చెప్పి, దాన్ని నా కళ్ళ ముందే రెండు ముక్కలు చేసి, తినడానికేమైనా ఉందా బావా అని అడిగాడు.

సాయంత్రం కంచెలు ఊడదీశాక మా ఆవిడ వచ్చింది, వెనక కోచ్. చేతుల్లో రెండు ట్రేలు. గడ్డం కింద ఎర్రగా కమిలిపోయింది. పొద్దుటి నుంచి వాటిని దింపడానికి చదునైన చోటు దొరికే ఉంటుంది, కానీ ఆయన దింపలేదు. అరవై గుడ్లూ లెక్కపెట్టాను. ఒక్కటి కూడా చిట్లలేదు.

ఆయన ట్రేలు బల్ల మీద పెట్టి, జేబులోంచి ఒక ట్రే ధర తీసి నా ముందుంచాడు. పై ట్రే చూపించి ఒక వేలు ఎత్తాడు. ఊరికే తీసుకున్నదానికి ఎంత ఖర్చయిందో ఆయనకి తెలిసొచ్చినట్టుంది. నేను డబ్బు వెనక్కి తోశాను. ఆయన మళ్ళీ ముందుకు తోశాడు.

రెండోసారి నేను తోయలేదు. తీసుకుని గల్లాలో వేసి, రెండు ట్రేలూ తాడుతో కట్టి, ఒక్క చేత్తో మోసుకెళ్ళేలా పైన పిడి వేసి ఇచ్చాను. ఆయన దాన్ని ఎడమ చేత్తో పట్టుకుని, ఖాళీగా ఉన్న కుడి చేతిని తల పైకి ఎత్తి, వెళ్ళొస్తానన్నట్టు ఊపాడు.

మా ఆవిడ స్టాండు తీసి సైకిల్‌కి బిగించింది. నేను షట్టరు దించాను.